రూలు మారాలంటే రాసి ఇవ్వాలి: క్లబ్ బైక్ రేసింగ్‌లో ప్రతిపాదన పెట్టే పద్ధతి

చెన్నైలో రేసు ముగిశాక హైదరాబాద్‌కి తిరుగు ప్రయాణం 600 కిలోమీటర్ల పైచిలుకు. బైకులు టాటా ఏస్‌లో బెల్టులతో బిగించి ఉంటాయి, మనం వెనకాల కారులో ఇరుక్కుని కూర్చుంటాం. నెల్లూరు దాటేదాకా ఎవరు ఎక్కడ బ్రేక్ వేశారన్న కబుర్లు. ఒంగోలు వదిలి అద్దంకి రోడ్డెక్కాక అసలు మాట బయటికొస్తుంది: "ఆ రూలు మార్చాలె అన్నా. గిట్లయితే ఎట్ల నడుస్తది?" మిర్యాలగూడ వచ్చేసరికి అందరూ ఒప్పేసుకుంటారు. నార్కట్‌పల్లిలో టీ తాగేటప్పటికి మాటలు తగ్గుతాయి. ఎల్బీనగర్‌లో ఎవరి దారిన వాళ్లు దిగిపోతారు. వచ్చే సీజన్‌లో అదే రూలు, అదే కోపం, అదే రోడ్డు.

పదేళ్లకు పైగా నేనూ ఆ కారులో కూర్చున్నవాణ్నే. ఆ తర్వాత నాలుగు సీజన్లు స్క్రూటినీ దగ్గర, అంటే రేసుకు ముందు బైకులు రూళ్ల ప్రకారం ఉన్నాయో లేదో తనిఖీ చేసే చోట, వాలంటీరుగా నిలబడి, అదే రూల్ పుస్తకాన్ని అవతలి వైపు నుంచి చదివాను. రెండు వైపులా చూశాక ఒకటి తెలిసింది. నేను చూస్తుండగా మారిన రూళ్లన్నీ ఎవరో ఒకరు కూర్చుని, ఇంకొకరు కొలిచి చూడగలిగేలా రాసిన వాక్యాలే. మారకుండా ఉండిపోయినవన్నీ కారులో కబుర్లుగానే మిగిలాయి. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. రేసింగ్‌లో అడగడమంటే రాసి ఇవ్వడమే. అది ఎలాగో చెబుతాను.

ఆ రూలు ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోండి

చాలా ప్రతిపాదనలు ఇక్కడే చచ్చిపోతాయి. రూళ్లకు అంతస్తులున్నాయి. అన్నిటికంటే పైన ఎఫ్ఐఎం, అంటే 1904లో పుట్టిన అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య. దాని కింద మన దేశంలో మోటార్ క్రీడల క్లబ్బుల సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ. దాని కింద మీ సిరీస్ నిబంధనలు. ఆ కింద ఒక్కో రౌండుకు, అంటే సీజన్‌లో ఒక్కో రేసు వారాంతానికి, విడిగా ఇచ్చే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్. ఆఖరున, రేసు వారాంతంలో నోటీసు బోర్డుకు అంటించే బులెటిన్లు.

కింది అంతస్తు పై అంతస్తు రూలును ఇంకా బిగించగలదు గానీ సడలించలేదు. బ్రేక్, క్లచ్ లివర్ల చివర గుండు కనీసం 16 మిల్లీమీటర్ల వ్యాసం ఉండాలన్నది ఎఫ్ఐఎం నుంచి దిగివచ్చిన కొలత. పడినప్పుడు లివర్ మొన ఒంట్లో గుచ్చుకోకూడదని పెట్టింది. మీ సిరీస్ మీటింగులో గొంతు చించుకున్నా అది 14 అవదు. అదే హెల్మెట్ విషయం చూడండి. పైవాళ్లు ఒప్పుకున్న ప్రమాణాల్లో ఒకటైన ఈసీఈ 22.06 మాత్రమే మా సిరీస్‌లో చెల్లుతుందని మీ క్లబ్ రాసుకోవచ్చు. అది బిగించడం కాబట్టి.

వారాంతానికి ఎన్ని జతల టైర్లు, పాయింట్లు ఎలా పంచాలి, గ్రిడ్ (రేసు మొదలయ్యే చోట బైకుల వరస) ఎలా కట్టాలి, కొత్తవాళ్లు ఏ క్లాసులోంచి ఎప్పుడు పైకి వెళ్లాలి, ఎంట్రీ ఫీజు ఎప్పటిదాకా కట్టొచ్చు: ఇవి మామూలుగా సిరీస్ చేతిలోనే ఉంటాయి. మొదటిసారి రాసేవాళ్లు వీటిల్లో ఒకటి ఎంచుకుంటే మంచిది.

మీకు కావాల్సిన మార్పు జాతీయ స్థాయిదైతే ఒంటరిగా ఉత్తరం రాయకండి. ఎఫ్ఎంఎస్‌సీఐ అంటేనే క్లబ్బుల సమాఖ్య. మాట క్లబ్ లెటర్‌హెడ్ మీద వెళితే దానికి బరువుంటుంది.

ఇంకో సంగతి. రూలు తప్పని మీరనుకునేది ఒక్కోసారి రూలు కాదు, అమలు. పసుపు జెండా చూపిస్తుండగా ఓవర్‌టేక్ చేసినవాడికి శిక్ష పడలేదంటే, పుస్తకంలో రూలు ఉండనే ఉంది. దానికి కావాల్సింది ప్రతిపాదన కాదు, ఆ రోజే గడువులోపు ఇచ్చే ప్రొటెస్ట్, అంటే రాసిచ్చే ఫిర్యాదు. పుస్తకం మొత్తం ఒక్కసారి చదవండి, రెండు గంటలు పట్టదు. నేను చూసిన ప్రతిపాదనల్లో చాలావాటికి జవాబు అందులోనే ఉంది.

కోపాన్ని లెక్కగా మార్చండి

నా మొదటి ప్రతిపాదన మూడు పేజీలు. నేను 84 కిలోలు. మా 165 సీసీ క్లాసులో యాభై కిలోల పిల్లలు నేరుగా ఉండే ట్రాక్ మీద నన్ను నిలబెట్టి వెళ్లిపోయేవాళ్లు. అది అన్యాయమని రాశాను, క్రీడాస్ఫూర్తి గురించి రాశాను, మా క్లాసు ఖాళీ అయిపోతుందని హెచ్చరించాను. ఒక పెద్ద స్క్రూటినీర్, సికింద్రాబాద్ ఆయనే, మూడు పేజీలూ ఓపికగా చదివి ఒకే ప్రశ్న అడిగారు: "సరే బాబూ, ఈ కాగితం పట్టుకుని శనివారం పొద్దున ఏడింటికి నేనేం చెయ్యాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. మీరు ఏం రాసినా దీన్ని ఎదురుగా పెట్టుకుని రాయండి.

మర్నాడు లెక్క వేశాను. బైక్ సుమారు 140 కిలోలు. సూట్, బూట్లు, హెల్మెట్ కలిపి 10 కిలోలు. నాతో మొత్తం 234. 48 కిలోల రైడర్‌తో 198. ఒకే ఇంజిన్ నా బండిలో 18 శాతం ఎక్కువ బరువు లాగుతోంది. మూడు పేజీల బాధ ఒక్క లైనులోకి వచ్చేసింది. పైగా ఇది నా సొంత ఊహ కూడా కాదు: ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మోటో3 క్లాసుకు రైడర్, బైక్ కలిపి కనీస బరువు 152 కిలోలు, మోటో2కు 217. నలిగిన దారి ఉందని చూపించగలిగాను.

మీ సమస్యకూ ఇలాంటి లెక్క వెతకండి. టైమింగ్ షీట్లు పారేయకండి. ప్రతి రౌండు తర్వాత ఫలితాల కాగితం ఫోన్‌తో ఫోటో తీసి ఒకచోట పెట్టుకోండి. ఎన్ని రేసులు ఎర్ర జెండాతో ఆగాయి, ఎందుకు ఆగాయి, ఎన్ని నిమిషాలు పోయాయి, ఎంతమంది స్క్రూటినీలో వెనక్కి వెళ్లారు, దేనికోసం: ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. సీజన్ చివర్లో "తరచూ ఆయిల్ పడుతోంది" అని రాసేవాడి కాగితానికీ, "ఎనిమిది రేసుల్లో మూడుసార్లు ఆయిల్ వల్ల ఆగింది, మూడూ ఫిల్టర్ మూత దగ్గరి లీకులే" అని రాసేవాడి కాగితానికీ తేడా కమిటీకి మొదటి లైనులోనే తెలిసిపోతుంది.

ప్రాణానికి సంబంధించిన రూలైతే లెక్క కోసం ఆగొద్దు. 2021లో ఒక్క సీజన్‌లోనే ముగ్గురు టీనేజీ రైడర్లు, 19, 14, 15 ఏళ్ల పిల్లలు, యూరప్ ట్రాకుల మీద చనిపోయారు. ఆ తర్వాతే ఎఫ్ఐఎం ప్రపంచ ఛాంపియన్‌షిప్ రోడ్ రేసింగ్‌కు కనీస వయసును 2023 నుంచి 18కి పెంచింది. అదే 2023 ఆగస్టులో చెన్నై దగ్గర ట్రాక్ మీద మన దేశపు పదమూడేళ్ల కుర్రాడు జాతీయ ఛాంపియన్‌షిప్ రౌండులో ప్రాణం పోగొట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఈ ఆటలో చాలాసార్లే జరిగింది. కొత్తవాళ్ల గ్రిడ్‌లో ఎంతమంది ఉండాలి, మొదటి మలుపు దగ్గర మార్షల్స్ ఎందరు, అంబులెన్స్ ఎక్కడ నిలబడాలి అన్న విషయాల్లో మీకు ఏదైనా తప్పుగా కనిపిస్తే సీజన్ ముగిసేదాకా దాచుకోకండి. రేసు నడిపించే అధికారి క్లర్క్ ఆఫ్ ద కోర్స్‌కు ఆ రోజే రాసి ఇవ్వండి. బులెటిన్‌తో సరిదిద్దగలిగేవి ఉంటాయి.

వాక్యం రాయడం

అసలు పని ఇదే. దీనికి ఒక ఆదివారం మొత్తం కేటాయించండి.

ప్రతిపాదనంటే ఉత్తరం కాదు. పుస్తకంలోకి ఎత్తి అతికించగలిగే పాఠం. పైన ఇప్పుడున్న రూలు, దాని నంబరుతో, అక్షరం మార్చకుండా. కింద మీరు కోరే పాఠం. ఆ కింద కారణం, ఆరేడు లైన్లకు మించకుండా. తర్వాత దాన్ని ఎవరు, ఎప్పుడు, దేనితో తనిఖీ చేస్తారు. తప్పితే శిక్షేమిటి. ఎవరికెంత ఖర్చు. ఎప్పటి నుంచి అమలు. మొత్తం ఒక్క పేజీ. ఒక కాగితం మీద ఒకటే రూలు. రెండు మార్పులు ఒకే కాగితంలో పెడితే ఒకటి నచ్చనివాళ్లు రెండూ కొట్టేస్తారు.

"సరైన", "తగినంత", "గట్టిగా", "మంచి నాణ్యత గల", "అవసరమైతే" అన్న మాటలు కనిపించిన చోటల్లా కలం ఆపండి. ఆ మాటకు అర్థం ఎవరు చెప్పాలి? మీరు తయారుచేసుకున్న బైకుకు ఒక అర్థం, పోటీదారుకు ఇంకో అర్థం, ఎండలో నిలబడ్డ స్క్రూటినీర్‌కు మూడో అర్థం. "ఆయిల్ బోల్టులు గట్టిగా బిగించాలి" అన్నది కోరిక. "ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు, ఆయిల్ నింపే మూతకు, ఆయిల్ ఫిల్టరుకు లేదా ఫిల్టర్ మూత బోల్టులకు లాక్ వైర్ కట్టాలి, బోల్టు వదులయ్యే దిశలో తిరగకుండా వైరు లాగి ఉండాలి" అన్నది రూలు. (లాక్ వైర్ అంటే బోల్టు తలకు వేసిన రంధ్రంలోంచి కట్టే సన్నని తీగ.) రెండోదాన్ని కంటితో చూసి, వేలితో తాకి, అవును లేదా కాదు అని చెప్పొచ్చు. అందులో "ఫిల్టర్ మూత బోల్టులకు" అన్న మాట ఎందుకొచ్చిందో గమనించండి. మన చిన్న బైకుల్లో చాలావాటికి ఫిల్టరు బయటికి కనిపించే డబ్బాలా ఉండదు, ఇంజిన్ లోపల మూత వెనకాల ఉంటుంది. ఆ మాట లేకపోతే సగం గ్రిడ్ "మా బండికి ఫిల్టరే బయట లేదు కదా" అని తప్పించుకుంటుంది.

భాష గురించి ఒక మాట. రూల్ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ప్రతిపాదన కూడా చివరికి ఇంగ్లీషులోనే వెళ్తుంది. కానీ మొదట తెలుగులో రాయండి. మీ మెకానిక్‌కు చదివి వినిపించండి. నేను ఇప్పటికీ బాలానగర్‌లో మా లేత్ షాపు అన్నకే మొదట చదివి వినిపిస్తాను. ఆయన "అంటే ఏం జెయ్యాలె? రంధ్రం ఎంత వెయ్యాలె?" అని అడిగాడంటే వాక్యం ఇంకా పచ్చిగా ఉన్నట్టే. ఆయనకు పని అర్థమయ్యాక ఇంగ్లీషులో పెట్టండి. అప్పుడు "తప్పక చేయాలి" అనేదానికీ "చేయవచ్చు" అనేదానికీ "చేస్తే మంచిది" అనేదానికీ తేడా చెడకుండా చూడండి. మూడోది రూల్ పుస్తకంలో ఉండకూడదు. దాన్ని ఎవరూ పాటించరు, ఎవరూ శిక్షించలేరు.

ఇప్పటికే వాడి వాడి నలిగిన పాఠం ఎక్కడైనా ఉంటే కొత్తది కనిపెట్టకండి. ఇది మేం దెబ్బ తిని నేర్చుకున్నది. ఇంజిన్ పగిలినా ఆయిల్ ట్రాక్ మీద పడకుండా కింది ఫెయిరింగ్, అంటే ఇంజిన్ కింద ఉండే బయటి తొడుగు, తొట్టిలా ఉండాలని మేమంతా కలిసి ఒక రూలు రాశాం. "కింది ఫెయిరింగ్‌కు ఎక్కడా రంధ్రాలు ఉండరాదు." చదవడానికి ఎంత బాగుందో. రెండో రౌండు ఉదయం కుండపోతగా వాన. నాలుగు ల్యాపులకల్లా తొట్లు నీళ్లతో నిండాయి, మలుపుల్లో ఆ నీళ్లు వెనక టైరు ముందు ఒలికాయి. ఇద్దరు పడ్డారు. ఎముకలు విరగలేదు గానీ, ఆ ఇద్దరి ముందు తలెత్తలేకపోయాం. ఎఫ్ఐఎం పాఠంలో అప్పటికే జవాబు ఉంది: ఆయిల్, కూలెంట్ మొత్తంలో కనీసం సగం పట్టేలా ఉండాలి, 25 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు ఉండొచ్చు, పొడి ట్రాక్ మీద అవి మూసి ఉండాలి, వాన రేసని ప్రకటించాకే తెరవాలి. ఆ వాక్యం వెనక ఎన్ని వానలు, ఎన్ని పడిపోవడాలు ఉన్నాయో మాకు అప్పుడు తెలిసింది.

ఒక ఉదాహరణ చివరిదాకా

మా దగ్గర ఎప్పుడూ వచ్చే గొడవ: బాగా నెమ్మదిగా నడిపే రైడర్లు. ఆఖరి ల్యాపులో ముగ్గురు పోడియం కోసం కొట్టుకుంటుంటే మధ్యలో ల్యాప్ వెనకబడ్డ రైడర్ వస్తాడు. వెనకనుంచి వస్తున్నవాళ్లకు దారివ్వమని నీలం జెండా చూపిస్తారు, అతను కంగారుపడి లైను మారుస్తాడు. ఇందులో అతని తప్పేమీ లేదు, వేగాల తేడానే ప్రమాదం.

"క్వాలిఫయింగ్ (గ్రిడ్‌లో చోటు తేల్చే సెషన్) టైము అందరికంటే వేగంగా నడిపినవాడి టైముకు 115 శాతం లోపు ఉండాలి" అని ఒకరు ప్రతిపాదించారనుకోండి. వినడానికి బాగానే ఉంది. లెక్క వేసి చూద్దాం. ముందున్నవాడి ల్యాపు 2 నిమిషాలు, అంటే 120 సెకన్లు. 115 శాతమంటే 138 సెకన్లు. ల్యాపుకు 18 సెకన్ల తేడా. ముందున్నవాడు వెనకవాణ్ని ఒక పూర్తి ల్యాపు దాటేది ఎప్పుడు? 138ని 18తో భాగిస్తే 7.67. అంటే ఎనిమిదో ల్యాపులో. మన రేసు ఎనిమిది ల్యాపులే అయితే, సరిగ్గా ఆఖరి ల్యాపులో, అందరూ తెగించి నడిపే చోట, వీళ్లిద్దరూ కలుస్తారు. ఏ ప్రమాదాన్ని తప్పించాలనుకున్నామో దానికి ఈ రూలు ముహూర్తం పెట్టినట్టయింది.

110 శాతం తీసుకోండి. 132 సెకన్లు, తేడా 12. 132ని 12తో భాగిస్తే 11. ఎనిమిది ల్యాపుల రేసులో ఎవరినీ ల్యాప్ చేసే పరిస్థితి రాదు. మీ ట్రాక్ పొడవు, మీ రేసు ల్యాపుల సంఖ్య మారితే ఈ శాతం మారాలి. అందుకే పక్క సిరీస్ నుంచి అంకె అరువు తెచ్చుకోకండి. పెద్ద రేసుల్లో చాలా ఏళ్లు వినిపించిన 107 శాతం ప్రొఫెషనల్ గ్రిడ్ కోసం పెట్టింది. శని, ఆదివారాల్లో మాత్రమే సూట్ వేసుకునే మనవాళ్లకు అది పెడితే గ్రిడ్ సగం ఖాళీ అవుతుంది.

ఇంకా అయిపోలేదు. ఒక్క పిడుగులాంటి కుర్రాడు వచ్చి అందరికంటే మూడు సెకన్లు వేగంగా నడిపాడనుకోండి. 110 శాతం అతని టైము మీద లెక్కిస్తే పాపం వెనకున్న నలుగురు ఇంటికి వెళ్లాలి. ముగ్గురి సగటు తీసుకుంటే? 120, 123, 123 సగటు 122. దానికి 110 శాతం 134.2 సెకన్లు. ముందున్నవాడు 120తో నడిపినా, 134.2ను 14.2తో భాగిస్తే 9.45, ఎనిమిది ల్యాపుల్లో ఇంకా సురక్షితమే. కొత్తవాళ్లకు రెండు సెకన్లు దొరికాయి, ప్రమాదం పెరగలేదు.

మరి వానలో క్వాలిఫయింగ్ జరిగితే? టైము చాలనివాడు 600 కిలోమీటర్లు వచ్చి, ఎంట్రీ కట్టి, ఊరికే వెనక్కి వెళ్లాలా? ఇవన్నీ ఆలోచించాక నేను రాసే పాఠం ఇలా ఉంటుంది:

*"రేసులో పాల్గొనాలంటే రైడర్ ఆ వారాంతంలోని అధికారిక ప్రాక్టీసులో గానీ క్వాలిఫయింగ్‌లో గానీ కనీసం ఒక ల్యాపు, అదే సెషన్‌లో తన క్లాసులోని మొదటి ముగ్గురి అత్యుత్తమ ల్యాపుల సగటుకు 110 శాతం లోపు పూర్తిచేయాలి. సమయాలు అధికారిక ట్రాన్స్‌పాండర్ లెక్క ప్రకారమే తీసుకుంటారు. ఈ సమయం చేరని రైడర్‌ను అదనపు రుసుము లేకుండా అదే వారాంతంలో నోవిస్ రేసుకు మారుస్తారు. 10 ల్యాపులు లేదా అంతకు మించిన రేసులకు ఈ రూలును ఆధారంగా తీసుకోరాదు. వాటికి శాతాన్ని సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌లో ప్రకటించాలి."*

ట్రాన్స్‌పాండరంటే బైకుకు బిగించే టైము కొలిచే పరికరం, నోవిస్ రేసంటే కొత్తవాళ్ల రేసు. "అదే సెషన్‌లో" అన్న రెండు మాటలే వాన సమస్యను తీరుస్తాయి. వానలో అందరూ నెమ్మదే, పోలిక వానలోని వాళ్లతోనే. ఇలాంటి రెండు మాటల కోసమే ఆదివారం మొత్తం కావాలన్నాను. ఇందులో ఇంకా ఒక కన్నం ఉంది: నోవిస్ రేసు మామూలు రేసుకంటే ముందే జరిగిపోతే మార్చేదెక్కడికి? టైం టేబుల్ వేసేవాళ్లతో మాట్లాడితే గానీ అది పూడదు.

ఎవరి జేబు

ఈ భాగం రాయకుండా ప్రతిపాదన ఇవ్వకండి. మన గ్రిడ్‌లో సగం మంది జీతంలోంచి టైర్లు కొనుక్కునేవాళ్లు. కూకట్‌పల్లిలో అద్దె గదిలో ఉంటూ, నెలంతా మిగుల్చుకున్న డబ్బుతో ఒక రౌండుకు వచ్చేవాళ్లు నాకు తెలుసు. "ఎయిర్‌బ్యాగ్ సూట్ తప్పనిసరి" అని రాయడం తేలిక. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అన్నిటికంటే పై క్లాసు మోటోజీపీలో 2018 నుంచి అది తప్పనిసరి కూడా. కానీ ఆ ఒక్క వాక్యంతో ఎంతమంది ట్రాక్ వదిలి, మళ్లీ తెల్లవారుజామున వికారాబాద్ రోడ్డు మీద వేగం తీర్చుకోవడానికి వెళ్తారో కూడా లెక్కవేయాలి. ట్రాక్ మీద కనీసం గడ్డి ఉంటుంది, మార్షల్ ఉంటాడు, అంబులెన్స్ ఉంటుంది. రోడ్డు మీద ఎదురుగా లారీ ఉంటుంది.

ఖర్చు ఉన్న రూలుకు గడువివ్వండి. మొదటి ఏడాది పుస్తకంలో పెట్టకుండా సిఫారసు, రెండో ఏడాది కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్లకు, మూడో ఏడాది అందరికీ. లేదా క్లబ్ కొన్ని కొని అద్దెకిచ్చే దారి వెతకండి. లాక్ వైర్ లాంటిదైతే భయపడాల్సింది లేదు. రాణిగంజ్‌లో ఒక చుట్ట స్టెయిన్‌లెస్ తీగ కొంటే ప్యాడాక్ (ట్రాక్ దగ్గర బైకులు సిద్ధం చేసుకునే చోటు) మొత్తానికి ఒక సీజన్ వస్తుంది, బోల్టు తలకు రంధ్రం వేయడానికి లేత్ దగ్గర పది నిమిషాలు. కూలెంట్ తీసేసి మామూలు నీళ్లు పోయాలన్న రూలుకు ఖర్చు ఇంకా తక్కువ. గ్లైకాల్ ఉన్న కూలెంట్ ట్రాక్ మీద పడితే జారుతుంది, కడగడానికి బోలెడంత సమయం పడుతుంది. నీళ్లు ఆరిపోతాయి. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్న రూళ్లు ఇలా ఇంకా ఉంటాయి. వాటితో మొదలుపెట్టండి.

ఇచ్చే ముందు ముగ్గురికి చూపించండి

ఒకరు స్క్రూటినీర్ లేదా టైమ్‌కీపర్: ఆ రూలును మోయాల్సినవాళ్లు. రెండోది, ఆ రూలు వల్ల నష్టపోయే రైడర్. మూడోది, ఈ ఏడాదే కొత్తగా వచ్చినవాళ్లు. మన స్నేహితులకు చూపిస్తే "సూపర్ అన్నా" అంటారు, దానివల్ల ఒరిగేదేం లేదు.

నా బరువు ప్రతిపాదన రెండోసారి రాసినప్పుడు, రైడర్, బైక్ కలిపి కనీసం 212 కిలోలని పెట్టాను. దాన్ని మా క్లాసులో నన్ను ప్రతిసారీ దాటేసే 48 కిలోల అమ్మాయికి చూపించాను. ఆమె కాసేపు లెక్క వేసుకుని అంది: "అన్నా, నాకు 14 కిలోల సీసం కట్టాలంటున్నారు. బ్రేక్ వేసేటప్పుడు ఆ బరువు ఆపాల్సింది నా చేతులే కదా. పైగా నేను పడితే ఆ సీసం ఎక్కడికెళ్తుంది?"

నిజమే. బరువున్నవాడి బాధ ఒక్కటే నాకు కనిపించింది. 212ను 204కు తగ్గించాను, ఆమెకు 6 కిలోలే అయ్యాయి. అదనపు బరువును ఫ్రేముకు కనీసం రెండు 8 మిల్లీమీటర్ల స్టీల్ బోల్టులతో బిగించాలని, వాటికీ లాక్ వైర్ ఉండాలని చేర్చాను. తూకం రేసు ముగిసిన వెంటనే, రైడర్ పూర్తి సూట్‌తో, ఏమీ తాగకుండా, ట్రాక్‌లోని తూకం మీదే చేయాలనీ ఒక కిలో వరకు తేడా ఒప్పుకోవాలనీ రాశాను. నాకు కావాల్సినంత దొరకలేదు. కానీ ఓటింగ్ రోజు ఆ అమ్మాయే లేచి సమర్థించింది, అది నేను మూడు గంటలు మాట్లాడినా వచ్చేది కాదు.

మీ రూలు మీకే లాభం చేస్తుంటే ఆ సంగతి కాగితం మీద మీరే రాయండి. "ఈ మార్పు వల్ల నాకు లాభం ఉంది, నా బరువు 84 కిలోలు" అన్న ఒక్క లైను రాశాక ఇక దాని గురించి వెనకాల మాట్లాడుకునేందుకు ఎవరికీ ఏమీ మిగలదు.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

ఆఖరి రౌండు అయిన వారంలోపు చిత్తుప్రతి సిద్ధంగా ఉండాలి. జ్ఞాపకం పచ్చిగా ఉంటుంది, వచ్చే ఏడాది బైకులు ఇంకా ఎవరూ కట్టుకోలేదు. కొత్త సీజన్‌కు నెల ముందు టెక్నికల్ రూలు మారిస్తే, అప్పటికే పార్టులు కొన్నవాళ్లకు అది దెబ్బ; కమిటీ సాధారణంగా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మీ సిరీస్‌కు గడువు తేదీ ఉంటే దానికి వారం ముందే ఇవ్వండి. ఇద్దరు లైసెన్సు ఉన్న రైడర్ల సంతకాలు అడగకపోయినా పెట్టించండి. అందినట్టు జవాబు తీసుకోండి.

మీటింగులో మూడు నిమిషాలకు మించి మాట్లాడొద్దు. కాగితం అందరి చేతిలో ఉంది. సమస్య ఒక లైను, లెక్క ఒక లైను, పాఠం చదవండి, ఖర్చు చెప్పండి, కూర్చోండి. ఎవరైనా మాట మార్చమంటే అక్కడికక్కడే ఒప్పేసుకోకండి. తొందరలో మారిన మాటే ఫెయిరింగ్ తొట్టిలో నీళ్లు నింపింది. "పదిహేను నిమిషాలు ఇవ్వండి, రాసుకొస్తాను" అని బయటికి వెళ్లి, చివరిదాకా మళ్లీ చదివి తీసుకురండి.

వద్దంటే కారణం రాతలో అడగండి. ఖర్చని అన్నారా, తనిఖీ చేయలేమన్నారా, పై అంతస్తు రూలుకు అడ్డమన్నారా? మూడింటికీ మూడు వేరు వేరు మందులు. వచ్చే ఏడాది అదే కాగితం తేకండి, ఆ కారణానికి జవాబు చేర్చి తీసుకురండి. నాది రెండోసారికే అయింది. నీళ్ల కూలెంట్ రూలుకు మా వాళ్లకు మూడేళ్లు పట్టింది.

రూలయ్యాక

పుస్తకంలో అచ్చయిన పాఠం మీరిచ్చినదేనా అని అక్షరం అక్షరం సరిచూడండి. టైప్ చేసేటప్పుడు ఒక "లేదా" పోయి "మరియు" వచ్చిందంటే అర్థమే తిరగబడుతుంది. దాన్ని మొదటి రౌండుకు ముందే పట్టుకోవాలి.

వాట్సాప్ గ్రూపులో రూలును ఫోటోతో సహా పెట్టండి: సరిగ్గా కట్టిన లాక్ వైర్ ఒకటి, తప్పుగా కట్టినది ఒకటి. తెలియక తప్పు చేసేవాళ్లే ఎక్కువ.

మొదటి రౌండు శనివారం పొద్దున ఆరున్నరకే స్క్రూటినీ దగ్గరికి వెళ్లి, ఒక గంట సాయంగా నిలబడతానని అడగండి. మీ వాక్యాన్ని చేతిలో పట్టుకుని ముప్పై బైకులు చూడండి. పదో బైకు దగ్గర మీరు ఊహించని మోడల్ ఒకటి వస్తుంది, ఇరవయ్యో బైకు దగ్గర ఎవరో మీ వాక్యంలోంచి తప్పించుకునే దారి కనిపెట్టి ఉంటారు. రెండూ ఆ చిన్న పుస్తకంలో రాసుకోండి, తేదీతో, బైకు నంబరుతో. తిరుగు ప్రయాణంలో అద్దంకి రోడ్డెక్కగానే పుస్తకం తీసి, సవరణ అక్కడే మొదలుపెట్టండి.